ఇంటి మనిషి కాదు

‘మా ఇంటి మనిషి’ అన్న మాట వింటే భవానికి ఒళ్లు మండిపోతుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు ఎవరి గురించో ఒకరు ఆ మాట అంటూనే ఉంటారు. అన్నవాళ్లు ప్రేమగానే అంటారు, విన్నవాళ్లు మురిసిపోతారు. భవాని మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేస్తుంది. వచ్చి ఆ కోపమంతా గిన్నెల మీద చూపిస్తుంది. అది కూడా ఎడమచేత్తోనే, ఎందుకంటే ఆమె కుడి మణికట్టు వంకరగా అతుక్కుపోయింది, బరువు మోయదు.

అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లుకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో భవాని, ఆమె భర్త వీరబాబు టిఫిన్ హోటల్ నడుపుతారు. పామాయిల్ గెలల సీజన్ వచ్చిందంటే ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి వీళ్ల షెడ్డుదాకా బారులు తీరతాయి. వంతు వచ్చేదాకా డ్రైవర్లకు పని ఉండదు, ఆకలి మాత్రం ఉంటుంది. పూరీలు, పునుగులు ఎన్ని వేసినా చాలవు. ఇక వీరబాబు దోసె పోస్తుంటే చూడ్డానికే జనం నిలబడతారు. ఆ దోసెలే మొగుడూ పెళ్లాలను ఇంగ్లండుదాకా తీసుకుపోయాయి.

వీరబాబుది కొత్తగూడెం. హైదరాబాదులో ఒక హోటల్లో దోసె మాస్టరుగా ఉన్న రోజుల్లో, లెస్టర్ అనే ఊళ్లో మన టిఫిన్లు అమ్మే ఒకాయన వచ్చి, రుచి చూసి, వర్క్ పర్మిట్ మీద వెంట తీసుకుపోయాడు. భవాని కూడా వెళ్లింది. మొగుడికి ఆ పర్మిట్ ఉంటే అప్పట్లో పెళ్లాం కూడా అక్కడ పని చేసుకోవచ్చు. దొంగచాటుగా కాదు, దర్జాగా చేసుకోవచ్చు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో చట్టం ఎక్కడా భవానికి అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది అభిమానం.

ఆ హోటలుకు ఆదివారం ఆదివారం వచ్చేవాళ్లలో పుష్పలత ఒకామె. పుట్టిల్లు సత్తుపల్లి. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొనుక్కుని, పామాయిల్ తోటలు వేసిన కుటుంబం. భర్త లెస్టర్‌లో డాక్టరు, ఇద్దరు పిల్లలు. ఒక ఆదివారం భవాని తన ఊరి పేరు చెప్పడం చెవినపడి ఆమె మొహం విప్పారింది.

“ఏంటీ, అశ్వారావుపేటా మీది? అయితే మనం మనం ఒకటేగా! వారంలో ఒక మూడు పూటలు మా ఇంటికొచ్చి కాస్త సాయం చేద్దువుగాని భవానీ. పరాయివాళ్లను ఇంట్లో పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.”

సాయం అంటే ఇల్లు తుడవడం, బాత్రూములు కడగడం, బట్టలు ఇస్త్రీ చేయడం, కూరలు తరగడం. గంటకు ఇంత అని పుష్పలతే చెప్పింది. ఆ డబ్బు కవర్లో పెట్టి, కవరు మీద ఒక ఆపిల్ పండో అరటిపండో పెట్టి ఇచ్చేది. వట్టి డబ్బు చేతిలో పెడితే కూలి ఇచ్చినట్టుంటుందట. భవాని ఆమెను అక్కా అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని గోంగూర పచ్చడితో అన్నం తినేవాళ్లు. చుట్టాలొస్తే పుష్పలత భవాని భుజం మీద చెయ్యి వేసి చెప్పేది: “మా భవాని. మా ఇంటి మనిషి.” పరాయి దేశంలో ఆ మాట వింటే భవానికి కడుపు నిండేది. బాత్రూము కడిగిన చేతులు కూడా అప్పుడు నొప్పి పుట్టేవి కావు.

2005 జూన్‌లో, పెద్దపిల్ల పుట్టినరోజుకు జనం వస్తున్నారని పుష్పలత హాల్లో కర్టెన్లు మార్పించింది. కర్టెన్ల కడ్డీ ఎత్తున ఉంది, ఇంట్లో నిచ్చెన లేదు. “ఈ కుర్చీ ఎక్కు, చాలు” అంటూ డాక్టరుగారి ఆఫీసు కుర్చీ లాక్కొచ్చింది. గుండ్రంగా తిరిగే కుర్చీ, కింద చక్రాలు. భవాని చిన్నప్పుడు తాటిచెట్ల మీద పనిచేసే మనుషులను చూసిన పిల్ల, కుర్చీకి భయపడుతుందా? ఎక్కింది. కర్టెను కొక్కెం తగిలించడానికి పక్కకు ఒంగింది. కుర్చీ ఒకవైపు పోయింది, మనిషి ఇంకోవైపు పడింది. నేలకు ఆనించిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర పటుక్కుమంది.

ఆస్పత్రికి పుష్పలతే కారులో తీసుకుపోయింది. పాపం, దారంతా ఏడ్చింది కూడా. అక్కడ నర్సు కాగితం పట్టుకుని అడగాల్సినవి అడిగింది. ఎలా పడ్డావు? పని చేసే చోట పడ్డావా? భవానికి ‘వర్క్’ అన్న ముక్క అర్థమైంది. పక్కన పుష్పలత మొహం చూసింది. పాచిపని చేస్తుంటే పడ్డానని ఈ తెల్లామె ముందు చెబితే అక్క పరువేం కావాలి? తన పరువేం కావాలి?

“నో వర్క్. సిస్టర్ హౌస్” అంది భవాని.

పుష్పలత కళ్లలో నీళ్లు తిరిగాయి. భవాని ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుని, “బంగారం తల్లివి” అంది. నర్సు రాసుకుని వెళ్లిపోయింది. అంత నొప్పిలోనూ భవాని తను చాలా గొప్పగా మాట్లాడినట్టు అనుకుంది. తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించేది అదే.

కట్టు కట్టారు, అయినా ఎముక సరిగ్గా అతకలేదు. మరో ఆపరేషన్ చేస్తామని తేదీ ఇచ్చారు. ఈలోగా ఎవరో చెబితే భవాని సలహాలు చెప్పే ఒక కేంద్రానికి వెళ్లింది. అక్కడ హిందీ వచ్చిన ఒక పెద్దామె ఉంది. కొత్తగూడెంలో, హైదరాబాదులో బతికిన భవానికి హిందీ బాగానే వచ్చు. ఆమె అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నువ్వు వాళ్లకు చుట్టానివా?”

“కాదు.”

“డబ్బులిచ్చేవాళ్లా?”

“ఇచ్చేటోళ్లు. గంటల లెక్కన.”

“మరి అక్క ఇల్లని ఎందుకు చెప్పావు?”

మా దిక్కు అట్లనే అంటాం అంటే ఆమెకేం అర్థమవుతుంది?

ఆ పెద్దామె ఓపిగ్గా విడమరిచి చెప్పింది. వారానికి రెండు గంటలు కానీ ఇరవై గంటలు కానీ, డబ్బిచ్చి ఒకరిచేత ఇంట్లో పని చేయించుకుంటే ఇక్కడ అది ఉద్యోగమే, వాళ్లు యజమానులే. ప్రభుత్వం పెట్టిన కూలికి తగ్గకూడదు. ఏడాదిలో కొన్ని సెలవులకు జీతం ఇవ్వాలి. వాళ్లు స్పెయిన్‌కు షికారు వెళ్లినప్పుడు నీకు డబ్బు రాలేదని చెప్పావే, అది కూడా నీ హక్కే కావచ్చు. ఎత్తులో పని చెబితే సరైన నిచ్చెన ఇవ్వాలి. ఇవ్వక దెబ్బ తగిలితే పూచీ వాళ్లది. అట్లాగని వాళ్లు ఆస్తులమ్ముకోనక్కర్లేదు, ఇంటికి చేసుకున్న ఇన్సూరెన్సులోనే చాలామందికి పనివాళ్ల దెబ్బలకు కూడా ఏర్పాటుంటుంది. కానీ చుట్టం వచ్చి చేతిసాయం చేస్తూ పడితే ఇవేవీ ఉండవు.

“నువ్వు ఆస్పత్రిలో చుట్టాన్నని చెప్పావు. ఇప్పుడు ఆవిడ నోటితో ఆవిడే చెప్పాలి, ఈమె మా ఇంట్లో పనిచేసింది, పనిలో పడింది అని. ఒక్క ఫోను. పడ్డ రోజు నుంచి మూడేళ్లదాకా టైముంది.”

మూడేళ్లు చాలా ఎక్కువ అనిపించింది భవానికి. అక్క కాదంటుందా?

తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. లెస్టర్ హోటలు మూతపడింది. దాంతోపాటే పర్మిట్ పోయింది, రెండో ఆపరేషన్ తేదీ రాకముందే ఇద్దరూ విమానం ఎక్కాల్సి వచ్చింది. ఖమ్మంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు చూసి, ఎముక మళ్లీ విరిచి, ప్లేటు వేసి సరిచేయాలని, ఆలస్యమైతే వేళ్లు కూడా బిగుసుకుపోతాయని చెప్పాడు. ఆ ఖర్చు వీళ్ల తలకు మించింది. ఉన్న డబ్బంతా రేకుల షెడ్డుకే పోయింది. ఇన్సూరెన్సు వస్తే చెయ్యి బాగవుతుంది, లేకపోతే లేదు. అంతే, అందులో వేరే లెక్క లేదు.

భవాని ఫోను చేస్తూనే ఉంది. “ఆయనతో మాట్లాడి చెబుతా” అనేది పుష్పలత. “పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం” అనేది. ఒకసారి ఆపరేషన్ సంగతి చెప్పి బతిమాలితే, వచ్చేవాళ్లతో నొప్పులకు రాసుకునే ఆయింట్‌మెంట్ ట్యూబులు పంపించింది. ఆ ట్యూబులు చూసి భవాని నవ్వాలో ఏడవాలో తెలియక, వాటిని తీసుకుపోయి మొగుడి ముందు విసిరికొట్టింది.

“ఇడిసిపెట్టరాదే. పెద్దోళ్లతోని మనకేంది?” అన్నాడు వీరబాబు. అతను ఏ గొడవకైనా ఇదే మాట అంటాడు.

చెయ్యి పనికిరాక భవాని పనికి ఒక మనిషిని పెట్టుకుంది. పేరు ముత్తక్క. తోటలు దాటి అడవి అంచున ఉన్న కోయగూడెం నుంచి తెల్లారేసరికి నడిచి వచ్చేది. పిండి రుబ్బి, గిన్నెలు కడిగి, పూరీలు వత్తి, టిఫిన్ల వేళ అయ్యాక అడ్డాకులు కోసుకోవడానికి అడవికి పోయేది. కుట్టిన విస్తళ్లు కూడా ఈ హోటలుకే తెచ్చేది. ఎన్ని గంటలు చేసిందని ఎవరూ చూడలేదు. మిగిలిన టిఫిను పెట్టి, కొంత చేతిలో పెడితే తీసుకుపోయేది. ముత్తక్కకు పెళ్లికెదిగిన కూతురున్నా, భవానిని పేరు చివర అమ్మ చేర్చి పిలిచేది. తన లెస్టర్ కథంతా భవాని ఆమెకే చెప్పుకునేది. ఆ కథలో పుష్పలత పాత్రలోకి ఇప్పుడు తనే వచ్చేసిందని భవానికి అప్పట్లో తట్టలేదు.

2008లో శ్రీరామనవమికి పుష్పలత వచ్చింది. సత్తుపల్లి నుంచి భద్రాచలం వెళ్లి, కల్యాణం చూసుకుని, తిరిగి పోతూ కారు హోటల్ ముందు ఆపించింది. ఇంకో రెండు నెలలు దాటితే మూడేళ్లు నిండుతాయి. పుష్పలత కారు దిగుతూనే ఆమెను కావలించుకుంది. తలంబ్రాల పొట్లం ఇచ్చింది, బొట్టు పెట్టి పట్టుచీర చేతిలో పెట్టింది.

“ఆడపడుచుకు పెట్టినట్టు పెడుతున్నాను. కాదనకు.”

భవాని చీర పట్టుకునే అడిగింది. “అక్కా, ఒక్క మాట. భవాని మా ఇంట్ల పని చేసేది, గంటల లెక్కన పైసలిచ్చినం, పనిల పడ్డది అని ఆ ఇన్సూరెన్సోళ్లకు చెప్పుండ్రి. మీ చేతిది పోయేది లేదంట. జూన్ దాటిందంటే ఇగ ఎవ్వలేం చెయ్యలేరు.”

పుష్పలత మొహం వాడిపోయింది. “నువ్వు కూలిమనిషివేంటి భవానీ! ఎప్పుడన్నా అట్లా చూశానా నిన్ను?”

“సూడలే అక్కా. గదే అంటున్న. సూడలే గని, పని చేసిన గదా?”

“ఆస్పత్రిలో రాత్రంతా నీ పక్కనే కూర్చున్నాను. చారన్నం కలిపి నోట్లో పెట్టాను. పనిమనిషికి ఎవరన్నా పెడతారా అట్లా?”

పెట్టింది. నిజమే. ఆ చారన్నమే ఇప్పుడు భవాని గొంతుకు అడ్డం పడింది. పుష్పలత చెడ్డదైతే ఎంత బాగుండేది! తిట్టి, దుమ్మెత్తిపోసి, మనసు తేలిక చేసుకునేది. తినిపించిన చేతిని ఎట్లా తిడుతుంది?

“గదంతా మర్చిపోలే అక్కా. కానీ నా చెయ్యి సూడుండ్రి.” భవాని కుడిచెయ్యి చాపింది. పిడికిలి సగంలోనే ఆగిపోయింది.

పుష్పలత ఆ చేతివంక చూసి చూపు తిప్పుకుంది. కాస్త గొంతు తగ్గించింది. “చూడమ్మా, నిన్ను పెట్టుకున్నట్టు మేం అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదంటారు. ఆయన పెద్ద ఉద్యోగంలో ఉన్నారు. మీ అన్నయ్యను ఇబ్బంది పెడతావా నువ్వు?”

అదీ సంగతి! ఇంటి మనిషి అన్నప్పుడు ఇంటి బరువు కూడా మోయాలి కదా. భవాని ఏదో అనబోయేలోగా వీరబాబు కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చేశాడు.

“దాని మాటలు పట్టించుకోకుండ్రి అక్కా. కాఫీ తాగుండ్రి, సల్లారిపోతది.”

భవానికి ఆ కాఫీ మొగుడి నెత్తిన పొయ్యాలనిపించింది. కారు వెళ్లిపోయాక చీరను మడత విప్పకుండా ముత్తక్క ఒళ్లో పడేసింది.

“నువ్వే కట్టుకో ముత్తక్కా. నేను కట్టుకుంటే ఒళ్లు కాలుతది.”

ముత్తక్క భయపడింది. “గింత మంచి చీర నాకెందుకు భవానమ్మా?”

“ఎందుకేంది? నువ్వు మా ఇంటి మనిషివి కాదా?” అంది భవాని. కోపంలో అంది, ఏమంటోందో చూసుకోలేదు. ముత్తక్క మాత్రం ఆ మాటకు ఇంత మొహం చేసుకుని చీరను గుండెలకు హత్తుకుంది.

జూన్ వచ్చింది. భవాని డబ్బులు పోసి లెస్టర్‌కు ఫోన్లు చేసింది, ఎవరూ ఎత్తలేదు. జూన్ పోయింది. ఆ రోజు దాటినప్పుడు ఏ చప్పుడూ కాలేదు. పొద్దున్నే ట్రాక్టర్లు వచ్చాయి, వీరబాబు దోసెలు పోశాడు, డ్రైవర్లు చట్నీ ఇంకొంచెం వెయ్యమన్నారు. భవాని వేసింది.

జులైలో వానలు పడ్డాయి, గెలలు ముమ్మరంగా వచ్చాయి. ఒక పొద్దున హోటల్లో నిలబడటానికి చోటు లేదు. పునుగులు వేసిన మూకుడు దించి పొయ్యి మీద పాలు పెట్టాలి. ఆ పని వీరబాబుది, అతనేమో పెనం దగ్గర నుంచి కదిలే వీలు లేదు. “ముత్తక్కా, అటు చెవి పట్టుకో” అని భవాని ఇటు చెవి పట్టింది. కుడిచేత్తోనే పట్టింది, అలవాటు చచ్చినా పోదు. రెండడుగులు వేశారో లేదో మణికట్టు కలుక్కుమంది, వేళ్లు వాటంతటవే విడిపోయాయి. కాగిన నూనె ముత్తక్క ముంజేతి మీద, పాదం మీద పడింది. ఆ కేకకు ట్రాక్టరు డ్రైవర్లు తింటున్న ఆకులు వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

ఆటోలో సర్కారు దవాఖానాకు తీసుకుపోయారు. ఆడమనిషి ఒళ్లు కాలి వస్తే అక్కడ ఊరికే మందు రాసి పంపరు, అడగాల్సినవి అడుగుతారు. నర్సమ్మ కాగితం తీసుకుంది. “ఎట్ల కాలిందమ్మా? వీళ్లు నీకేమైతరు?”

ముత్తక్క పళ్లు బిగబట్టుకుని ఉంది. ఇంటి మనిషివని భవాని ఇచ్చిన ఆ పట్టుచీరే ఆ వేళ పనికి కూడా కట్టుకొచ్చింది. “ఆళ్ల తప్పేం లేదమ్మా. నేనే సూసుకోలే. నేను ఆళ్లింటి మనిషినే. ఇంట్లనే కాలింది.”

“అవ్ సిస్టర్, మా ఇంటి మనిషే” అన్నాడు వీరబాబు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

భవానికి లెస్టర్ ఆస్పత్రిలోని తెల్ల గోడలు కళ్లముందు తిరిగాయి. తనూ సరిగ్గా ఇట్లాగే చెప్పింది. ఇంత నొప్పిలోనూ, ఇంత గర్వంగానూ.

“కాదు” అంది. నర్సమ్మ తలెత్తి చూసింది. “మా ఇంటి మనిషి కాదు. మాకేం చుట్టం కాదు. మా హోటల్ల కూలికి చేస్తది. మూకుడు నా చేతిల నుంచి జారింది, మా పని చేస్తుంటెనే కాలింది. గిట్లనే రాసుకోండ్రి. మానేదాక ఖర్చు మాది, పనికి రాకున్నా కూలి ఇస్తం.”

“నీకేమన్నా పిచ్చా? కేసయితది” అని వీరబాబు చెవిలో గొణిగాడు.

“కానియ్యి.”

కట్టు కట్టాక ఇద్దరినీ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. వీరబాబు ఆటో కోసం వెళ్లాడు. ముత్తక్క నేలవంక చూస్తోంది. ఆమెకు మేలు చేశానని భవాని అనుకుంటోంది, ఒక మంచి మాట వస్తుందని కూడా ఎక్కడో ఆశపడుతోంది.

“అంతమంది ముందల గట్లంటివేంది భవానమ్మా?” అంది ముత్తక్క. “ఏం చుట్టం కాదంటివి. కూలిదంటివి. నేనేమన్నా అడిగిన్నా నిన్ను?”

భవానికి చప్పున కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. “నీ చెయ్యి నా చెయ్యి లెక్క కావద్దనే అన్న. గా లండన్ అక్కను మూడేండ్ల సంది నేను అడిగింది గీ మాటే. గిదొక్క మాట అనలే ఆమె.”

ముత్తక్క తల తిప్పి ఆమెవంక చూసింది. “ఈ మాట కోసమేనా నువ్వు అన్నేండ్లు ఏడ్చింది?”

“అవ్. గిదే.”

“ఇనడానికి ఏం మంచిగ లేదు.”

“మంచిగుండదు” అంది భవాని. “చెయ్యి మంచిగయితది.”

ముత్తక్క పట్టుచీర కొంగు మీది నూనె మరకను రెండో చేత్తో రుద్దుతూ, ఆటో వచ్చేదాకా మొహం అటు తిప్పుకునే కూర్చుంది.